పదకొండు సెకన్లు

కామాటిపుర, ముంబై.
శుక్రవారం.

అన్న అంజయ్య కాళ్లకు నీ చెల్లె బాలమణి మొక్కి రాస్తున్నది. అమ్మవారి దయతో మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాము. నువ్వు, వదినె ఎట్లా ఉన్నారు? వదినె షుగర్ గోలీలు వేళకు వేసుకుంటున్నదా, లేక పొలం పనిలో మరిచిపోతున్నదా? కాశమ్మ పెద్దమ్మ కంటి ఆపరేషన్ తర్వాత మనుషులను గుర్తుపడుతున్నదని విని సంతోషపడ్డాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నేను పెన్ను పట్టి పదేళ్లు దాటి ఉంటుంది. అయినా పట్టాను. ఎందుకంటే ఫోన్‌లో నీతో నేను మాట్లాడలేను. నువ్వు చెబుతుంటే నేను ఊఁ కొడతాను, చిన్నప్పటి నుంచీ అంతే. పైగా నీ ఫోన్ ఎప్పుడూ చాయ్ హోటల్ బల్ల మీద స్పీకర్ పెట్టి ఉంటుంది. నీతోటి రిటైరైన ఫౌజీలు చుట్టూ కూర్చొని వింటుంటారు. నా గొంతు ఎంతటిదో నీకు తెలియనిది కాదు. మొన్న ఆదివారం "వద్దన్నా" అని రెండుసార్లు అన్నాను. నీకు వినపడలేదు. "సరే చెల్లె, అది నేను చూసుకుంట" అని పెట్టేశావు. కాగితం మీద నా మాటకు ఎవరూ అడ్డురారు. అందుకే రాస్తున్నాను.

ముందు మా సంగతులు చెబుతాను, లేకుంటే వదినె కోప్పడుతుంది. వర్లి చాల్ కూలగొట్టి కొత్తది కట్టేదాకా అని ఇక్కడ గది తీసుకున్నామని చెప్పాను కదా. నాలుగు నెలలైంది. మూడో అంతస్తు, గది చిన్నదే. గ్యాలరీలో నిలబడితే కింద గల్లీ అంతా తెలుగే వినపడుతుంది, అదొక్కటి ధైర్యం. కానీ గల్లీ పిల్లలు మాత్రం తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెబుతారు. వాన జూన్‌లో మొదలై ఇంకా వదలలేదు. బట్టలు ఆరవు, గోడలకు చెమట పట్టినట్టు ఉంటుంది. నల్లా పొద్దున ఒక గంట వస్తుంది. వర్లిలో ఇరవై ఎనిమిదేండ్లు ఉన్నాము, అక్కడ నల్లా దగ్గర నా బిందెను ఎవరూ జరపకపోయేది. ఇక్కడ ఇంకా అందరూ కొత్తదాన్నన్నట్టే చూస్తారు. మధ్యాహ్నం పూట గదిలో ఒక్కదాన్నే ఉంటే నా కొడుకు శ్రీను ఎక్కడో మెట్లెక్కి వస్తున్నట్టు అనిపిస్తుంది. అయినా ఏం ఫికర్ పడకండి, బాగానే ఉన్నాము.

మీ బావకు నడుము నొప్పి తగ్గలేదు. గోడ పని వదిలి ఇప్పుడు టైల్స్ పని చూసుకుంటున్నాడు. నేను ఫోరస్ రోడ్డు మీద ఒక చిన్న దుకాణంలో చీరలకు ఫాల్ కుట్టే పనికి పోతున్నాను. దుకాణం పెద్దమ్మ మరాఠీ ఆవిడ, అందరం మావ్షి అంటాము. మంచిదే కానీ చూపు గట్టిది. అంచు ఒక్క వేలెడంత వంకర పోయినా చీర నా ఒళ్లో పడేసి "ఉసవ్" అంటుంది, అంటే విప్పమని. మొదటి వారం కుట్టిన దానికంటే విప్పిందే ఎక్కువ. ఒకనాడు ఏడుపొచ్చింది. ఇప్పుడు నా చీరలు ఆవిడ చూడకుండానే మడత పెడుతుంది.

ఇక అసలు మాట. శ్రీను మాట.

వాడు ఫౌజులో చేరినప్పటి నుంచీ నువ్వు ఒక్కటే మాట అంటున్నావు. "మా కాలంల ట్రైనింగ్ అంటే ట్రైనింగ్. ఉస్తాద్ కొడితే వీపు పగిలేది. రాళ్ల మీద పొర్లించేటోడు. ఇప్పుడు పోరగాండ్లకు ఆదివారం ఫోనట, జెల్ల కొట్టొద్దట. ప్రమోషన్లు గూడ గట్లనే అయినయ్. మేము పట్టీ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూస్తిమి, ఇప్పుడు రెండు క్లాసులు పోతే పట్టీ ఎక్కుతున్నది." నేను ఫౌజు చూసినదాన్ని కాదు, నాకేం తెలుసు? ఊఁ అన్నాను.

ఆషాఢంలో శ్రీను తనకు పెద్ద పరుగు పరీక్ష ఉందని, వీపు మీద మూట, చేతిలో రైఫిల్ పట్టుకొని ఐదు కిలోమీటర్లు ఉరకాలని చెప్పాడు. అది గెలిస్తేనే కసమ్ పరేడ్, అంటే ఒట్టు వేసి సిపాయి అయ్యే పరేడ్. నేను భయపడి నీకు ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "పిచ్చిదానా, పాసైనట్టే అనుకో. ఈ రోజులల్ల ఫెయిల్ జేసేటోడు ఎవడున్నడు?"

నేను నిజమనుకున్నాను అన్నా. నీ మాట నాకు వేదం. శ్రీను పాసైతే పోచమ్మకు బోనం ఎత్తుతానని మొక్కుకొని ఉన్నాను. ఆ ఆదివారం మా గల్లీ ఆడవాళ్లందరూ బోనాలు తీస్తున్నారు. పాసైనట్టే కదా, అందరితో పాటు నేనూ తీస్తే సరిపోతుందనుకున్నాను. కొత్త కుండకు పసుపు పూసి, సున్నం బొట్లు పెట్టి, బెల్లపన్నం వండి, పైన దీపం పెట్టుకొని వానలో తడుస్తూ గుడిదాకా నడిచాను. "నా కొడుకు పాసైండు తల్లీ" అని నోటితో చెప్పి మొక్కు చెల్లించాను. అప్పటికి వాడింకా ఉరకనే లేదు.

తర్వాతి ఆదివారం వాడి ఫోన్ వచ్చింది. నన్ను వాడు మరాఠీ పిల్లల్లాగా ఆయీ అనే పిలుస్తాడు కదా.

"ఆయీ, ఫెయిలైన."

"ఎంతల పోయిందిరా?"

"పదకొండు సెకన్లు."

"గంతేనా? గంత దానికి ఫెయిల్ జేస్తరా?"

"ఉస్తాద్ కొట్టలే, తిట్టలే. చేతిల గడియారం నా ముందర పెట్టి చదువుమన్నడు. చదివిన. మళ్ల చదువుమన్నడు. మళ్ల చదివిన. ఈ పదకొండు సెకన్లు నావి కావు నీకు ఇయ్యనీకి, అన్నడు. నన్ను, సతారా దిక్కు పోరగాన్ని ఒకన్ని, ఇద్దర్ని ఎనుక బ్యాచ్‌ల కలిపిండ్రు."

వెనుక బ్యాచ్ అంటే తనకంటే ఆలస్యంగా వచ్చిన పిల్లలతో కలిసి ఆ వారాలన్నీ మళ్లీ చేయాలట. ఈసారి కూడా తప్పితే ఇంటికి పంపిస్తారట. చెబుతూ చెబుతూ వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు, నేను ఏడిస్తే వాడు ఆగడు.

గల్లీలో తెలిసింది. పక్క గది యెల్లవ్వ నల్లా దగ్గర అందరిలో అన్నది: "ఏమే బాలమణి, పోచమ్మకు గూడ అడ్వాన్స్ ఇచ్చినవా? మా పగిడీ గదులకు ముందే పైసలు కట్టినట్టు?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను, నిజమే కదా. గదికి వచ్చి దీపం ముందు కూర్చున్నాను. జరగని పని జరిగిందని తల్లి ముందు నిలబడి చెప్పి వచ్చాను.

ఆ సంగతి నీకు చెప్పుకుందామని ఫోన్ చేస్తే నువ్వేమన్నావో గుర్తు తెచ్చుకో. "పదకొండు సెకన్లు ఒక లెక్కనా! ఆ సెంటర్ల నా బ్యాచ్ దోస్త్ సుబేదార్ ఉన్నడు. సెలవు మీద పోయిండు, నెలాఖరుకు వస్తడు. ఒక్క ఫోన్ కొడితే అయిపాయె. అందరు గట్లనే ఎక్కుతున్నరు, మన పోరడు ఒక్కడు ఎందుకు ఆగాలె?" హోటల్లో వాళ్లు "కరెక్టే, కరెక్టే" అనడం కూడా నాకు వినపడింది.

అన్నా, ఆ ఫోన్ చేయవద్దు.

నీ ప్రేమ నాకు తెలుసు. మీ బావ కూడా "మీ అన్న చేస్తనంటె చెయ్యనియ్యవే, పోరడు అటు ఏడుస్తుండు" అన్నాడు. "నువ్వు గోడ కట్టేటప్పుడు సక్కగున్నదా అని దారానికి గుండు వేలాడదీసి చూస్తవు గదా, ఓనరు ఫోన్ చేసి గోడ సక్కగున్నదని చెప్తే గుండు ఒప్పుకుంటదా?" అని అడిగాను. "నీకు ఇన్ని మాటలు ఎక్కడియే" అని అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున లేచి చాయ్ తాగుతూ, "గుండు ఒప్పుకోదు" అన్నాడు. అంతే.

ఈ రోజుల్లో ఫెయిల్ చేసేవాడు ఎవడున్నాడని అడిగావు. ఒకడున్నాడు అన్నా. వానలో గడియారం పట్టుకొని నిలబడ్డాడు. మన శ్రీను పేరు, ఊరు, మామ ఎవరు అని అడగలేదు. వాడిని కొట్టకపోవడం నీకు మెతకదనంగా తోచవచ్చు. కానీ ఫెయిలైన మరునాటి నుంచి పొద్దున ఆ ఉస్తాదే వీళ్లిద్దరి పక్కన మూట వేసుకొని ఉరుకుతున్నాడట. అతనికి నీ వయసులో సగం ఉంటుందేమో. నీ కాలం కంటే ఇప్పుడు ట్రైనింగ్ దిగజారిందా లేదా, అది తేల్చేంత దాన్ని కాదు నేను. కొన్నిచోట్ల దిగజారి ఉండవచ్చు కూడా. కానీ నువ్వు ఫోన్ చేస్తే మాత్రం ఆ సెంటర్లో ఆ రోజు దిగజారుతుంది. దింపింది మనమే అవుతాము. సతారా పిల్లవాడికి ఫోన్ చేసే మామ లేడు. మన వాడు ముందుకు పోయి, అతను వెనక ఉండిపోతే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎట్లా చూసుకుంటారు?

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను, క్షమించు. నువ్వు హవల్దార్‌గానే పెన్షన్ మీద వచ్చిన ఏడు, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని వదినెతో అన్నావు, "నా జాగల వేరేటోన్ని ఎక్కించిండ్రు. ఎవడో వానికి చెప్పించిండు" అని. అది నిజమో, నీ అనుమానమో నాకు తెలియదు. కానీ నువ్వు సంవత్సరం పాటు నీ ఫౌజు ట్రంకు పెట్టె తెరవలేదు. ఆ బాధ తెలిసిన నువ్వు ఇంకొకరికి పెడతావా?

ఇంకొకటి యాది చేస్తాను. నువ్వు భర్తీకి పోవడానికి కాలువ గట్టు మీద ఇసుక సంచి మోసుకుంటూ ఉరికేవాడివి. మన ఇంట్లో గడియారం లేదు. నాకు పదకొండేండ్లు, గట్టు మీద కూర్చొని అంకెలు గట్టిగా లెక్కపెట్టేదాన్ని. ఆ ఒక్కదానికే నా గొంతు లేచేది. ఒకనాడు నీకు జ్వరం వచ్చి తగ్గి ఉండింది, రొప్పుతూ వస్తుంటే చూడలేక ఇరవై అంకెలు లెక్కపెట్టకుండా మింగేశాను. నువ్వు కనిపెట్టావు. సంచి కింద పడేసి, "తప్పుడు లెక్క జెప్తే నన్ను మోసం జేసినట్టే. అక్కడ సర్కారు గడియారానికి నేను నీ అన్ననని తెల్వదు" అన్నావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాటి నుంచి నేను ఏ లెక్కా మింగలేదు అన్నా. ఇప్పుడు నా కొడుకు లెక్క మింగమంటే ఎట్లా మింగుతాను?

వాడు మళ్లీ తప్పితే ఇంటికి వస్తాడు. వస్తే రానీ. గల్లీ నవ్వుతుంది, నేను నీళ్లు పట్టుకొని వస్తాను. వాడిని మళ్లీ ఏదో ఒక పనిలో నిలబెట్టుకుంటాము. దానికి నేను సిద్ధంగా ఉన్నాను. మొన్న వాడు కూడా "మామను వద్దను ఆయీ" అని, మళ్లీ ఒక నిమిషానికి "ఏమో ఆయీ, నాకు తెల్వదు" అన్నాడు. ఇరవై ఏండ్ల పిల్లవాడు, భయపడ్డాడు. ఆ బరువు వాడి మీద ఎందుకు? వద్దన్నది నేను.

నీకు చేయాలనే ఉంటే ఒక పని ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాడి చేతికి ఫోన్ ఇస్తారు. సుబేదార్‌కు కాదు, వాడికి చేయి. మూట భుజాలు కోయకుండా ఎట్లా కట్టాలో, ఎదురుగాలిలో ఊపిరి ఎట్లా పట్టాలో, చివరి కిలోమీటరులో నువ్వు ఏం అనుకునేవాడివో చెప్పు. ఉరుకుడులో నిన్ను మించినోడు మన మండలంలో లేడు. పదకొండు సెకన్లు నీ నోటి నుంచి వాడి కాళ్లకు పోవాలి. ఒకవేళ ఈ ఉత్తరం అందేసరికి దోస్త్‌కు చెప్పేసి ఉంటే, మళ్లీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కు తీసుకో. నీకు సిగ్గు అనిపిస్తే మా చెల్లె ఒప్పుకోలేదని చెప్పు.

నేను పోచమ్మ గుడికి పోయి తప్పు చెప్పుకున్నాను. ఆ కుండ కడిగి అల్మారా మీద బోర్లించాను. వాడు నిజంగా గెలిచిన నాడు మళ్లీ పసుపు పూస్తాను. మావ్షి దగ్గర నేర్చుకున్నది అదే, వంకర పోతే విప్పి మొదటి నుంచి కుట్టడం.

వదినె పండుమిరపకాయ తొక్కు చేసినప్పుడు ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే ఒక సీసా పంపించు, ఈ వానలకు నోరు చప్పగా ఉంటోంది. మీ బావ నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. కాశమ్మ పెద్దమ్మకు నా దండాలు, కళ్లు మంచిగైనాయి కాబట్టి ఈసారి వస్తే నా తెల్లవెంట్రుకలు లెక్కపెట్టమను. నా కొడుకు కాళ్లకు బలం రావాలని మీరందరూ దీవించండి.

ఈ కాగితాలు హోటల్లో చదవవద్దు, ఎవరికీ చూపించవద్దు. శ్రీనుకు కూడా చూపించవద్దు. నీ డిశ్చార్జి పుస్తకం ఉన్న ట్రంకు పెట్టెలో దాచి పెట్టు. ఫోన్ చేయబుద్ధి అయినప్పుడల్లా తీసి చదువుకో. గట్టు మీద నేను కూర్చొని లెక్కపెడుతున్నానని అనుకో.

నీ చెల్లె
బాలమణి