ప్రహరీ గోడ మీది ఆదివారాలు

మ్యూజియం పెద్దమనిషి గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, అయినా పెడుతున్నాను.

ఈ చలికాలమంతా ప్రతి ఆదివారం పొద్దున్నే మీ వాళ్ళు మడుగు అవతలి గట్టు మీద బెంచీలేసుకుని, కళ్ళకి బైనాక్యులర్లు తగిలించుకుని మా కిటికీలోకే చూస్తున్నారు, పిల్లాపాపలతో సహా. కిటికీ పక్కన మంచం మీద మా ఆయన ఉంటారు. రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. నిరుడు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. ఆయన ఒళ్ళు తుడవాలన్నా, అన్నం తినిపించాలన్నా మీ అందరి ఎదుటా చెయ్యాల్సి వస్తోంది. మనిషి మంచాన పడితే అదేమన్నా ప్రదర్శనా? వెంటనే ఆపించండి.

ఇట్లు,
మడుగు ఒడ్డున చివరింటి ఆవిడ

తా.క. మీ వాళ్ళలో ఒకాయన చూసిందల్లా రాసుకుంటున్నాడు. నేను గిన్నెలు ఎప్పుడు తోముకుంటే ఆయనకెందుకు?

*

చివరింటి అమ్మగారికి,

తల వంచుకుని రాస్తున్నాను. మేం చూసేది మీ ఇంట్లోకి కాదండీ. మీ కిటికీ ఎదురుగా ప్రహరీ గోడ మీద వాలే తోకాడించే పిట్టని. చలికాలం ఎక్కడెక్కడినుంచో వస్తుంది, ఎండలు ముదరగానే పోతుంది. ఊళ్ళోవాళ్ళని పోగుచేసి దాన్ని చూపించడమే మా చిన్న మ్యూజియం చేసే పెద్ద పని. మిగిలినదంతా అద్దాల బీరువాల్లో గడ్డి కూరిన పక్షులు, వాటి దుమ్ము దులుపుతూ నేను.

అయినా తప్పు తప్పే. బెంచీలన్నీ వెనక్కి తిప్పించేశాను. ఇకమీద మీ ఇంటికి మా వీపులే కనిపిస్తాయి.

తమ విధేయుడు,
మ్యూజియం నిర్వాహకుడు

తా.క. రాసుకునేది మా తపాలా ఉద్యోగి. అతను రాసుకున్నదంతా చదివాను. మీ గిన్నెల ఊసెక్కడా లేదు.

*

మ్యూజియం బాబుకి,

ఎవరు తిప్పమన్నారయ్యా నిన్ను? ఆపమన్నది నేనే, కాదనను. అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది.

మీరంతా తనని చూడ్డానికే వస్తున్నారని ఆయన అనుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆఖరి పెట్టె గుమ్మంలో నిలబడితే ప్లాట్‌ఫారం మీద జనం చూసేవారు, పిల్లలు చెయ్యి ఊపేవారు. మళ్ళీ ఆ రోజులొచ్చాయని సంబరపడి శనివారమే గడ్డం గీయమనేవారు, దిండు ఎత్తుగా పెట్టమనేవారు. మీరు వెళ్ళేటప్పుడు ఎడమ చేత్తో తుండుగుడ్డ ఊపేవారు. ఈగల్ని తోలుతున్నారనుకున్నాను, నా బుద్ధి అంతే ఏడిసింది.

మీ వీపులు కనిపించిన దగ్గర్నుంచీ కిటికీ వదిలి లోపలి గోడవైపు తిరిగి పడుకున్నారు. ముద్ద దిగడం లేదు. ఇలాగే ఉంటే ఇంకో చలికాలం చూడరని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. నాకు భయంగా ఉంది. బెంచీలు ఇటు తిప్పించు.

ఇట్లు,
చివరింటి ఆవిడ

తా.క. మీరొచ్చేది పిట్ట కోసమని ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

*

పిన్నిగారికి,

బెంచీలు తిప్పగలిగాను గానీ మనుషుల్ని తిప్పలేకపోయాను. ఎండలు ముదిరాయి, పిట్ట ఎగిరిపోయింది. లేని పిట్ట కోసం ఎవరొస్తారు?

అందుకని చెయ్యకూడని పనొకటి చేశాను. బీరువాలోంచి గడ్డి కూరిన తోకాడించే పిట్టని తీసి, మీరు మందులకి వెళ్ళిన సమయంలో మీ గోడెక్కి తీగతో కట్టాను. బాబాయిగారు అటు తిరిగి నిద్రపోతున్నారు. అది గడ్డి పిట్టని మా వాళ్ళకి చెప్పలేదు, పిట్ట ఇంకా వెళ్ళలేదనే చెప్పాను. నిజం చెబితే నటించడం వాళ్ళకి చేతకాదు. ఈ ఆదివారం అందరూ వచ్చారు, అందరూ మీవైపే చూశారు.

మీ అబ్బాయిలాంటివాడు,
మ్యూజియం నిర్వాహకుడు

తా.క. మీ పిల్లి దాన్ని ఓసారి కొరికి చూసి, నావైపు అసహ్యంగా చూసి దిగిపోయింది.

*

బాబూ,

ఆయన ఇటు తిరిగారు. గడ్డం గీయమన్నారు. పెరుగన్నం గిన్నెడు తిన్నారు. నీ కడుపు చల్లగా ఉండాలి.

కానీ ఈ జనమేమిటి? నిన్న గట్టు పట్టలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా కావాలంటున్నారు.

ఇట్లు,
పిన్ని

తా.క. వానకి పిట్ట పొట్ట దగ్గర గడ్డి బయటికొచ్చింది. సూదీదారం తీసుకుని నేనే కుట్టాను.

*

పిన్నిగారూ,

కొంప మునిగింది. వలస పిట్ట ఎండాకాలంలో కూడా వెళ్ళలేదని మా తపాలా ఆయన పొరుగూళ్ళ పక్షుల సంఘాలన్నిటికీ రాసేశాడు. వాళ్ళ పెద్దలొచ్చి చూసి, ఎగరడం లేదు కాబట్టి జబ్బు చేసిందని తేల్చారు. వచ్చే ఆదివారం వల తెచ్చి, పట్టుకుని వైద్యం చేయిస్తారట. వాళ్ళ చేతికి చిక్కితే నా ఉద్యోగం ఊడుతుంది. ముందే తీసేస్తే బాబాయిగారు ఏమైపోతారో. ఏం చెయ్యమంటారు?

మీ
మ్యూజియం నిర్వాహకుడు

తా.క. దాని బరువు తగ్గిపోయిందని వాళ్ళలో ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మీరు మరీ బిగించి కుట్టినట్టున్నారు.

*

నాయనా,

ఇది మీ తపాలా ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. మీ బాబాయి ఈ పొద్దున పోయారు. అక్షరాలు అలుక్కుపోతే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం వచ్చాక నిన్న నోరు జారాను. పిట్టకి జబ్బని వల తెస్తారట అన్నాను. ఆయన నవ్వారు, మొహంలో నవ్వగలిగిన సగంతోనే. మాట ముద్దగా వచ్చినా నాకు అర్థమైంది.

"అబ్బాయి తీగ కడుతుంటే నేను నిద్రపోలేదే, చప్పుడుకి తల తిప్పి చూస్తూనే ఉన్నాను. గోడ మీంచి జారాడు, మళ్ళీ ఎక్కాడు. అందరూ నా కోసమే వస్తున్నారనుకున్నాను, కాదని అప్పుడే తెలిసింది. కానీ నా కోసం ఒకడు గోడెక్కాడు. అంత పని చేస్తే నేను గడ్డం అయినా గీయించుకోకపోతే ఏం బావుంటుంది?" అన్నారు.

తర్వాత అన్నం తిన్నారు. ఆదివారానికి చొక్కా తీసిపెట్టమన్నారు.

ఆ చొక్కాయే వేశాను. రేపు మీరొచ్చే వేళకే తీసుకెళ్తాం. అందర్నీ బైనాక్యులర్లతోనే రమ్మను. ఈ ఒక్కసారికీ పిట్టని వదిలేసి ఆయన్ని చూడమను. వలవాళ్ళ సంగతి నాకొదిలెయ్. మా గోడ మీద ఎవరు కూర్చోవాలో చెప్పడానికి వాళ్ళెవరు?

ఇట్లు,
మీ పిన్ని

తా.క. పిట్టని తీసెయ్యకు. నేనింకా ఉన్నాను.