తేరిన మట్టి

హుస్సేనీ ఆలం,
జ్యేష్ఠం చివర

ప్రియమైన బాపుకు,

ఫోన్ చేస్తే మళ్ళీ లొల్లి అవుతుందని రాస్తున్నాను. చిన్నాయన మోకాలికి ఆపరేషన్ అయింది కాబట్టి ఆయన బదులు మీరు పరిగి వైపు ఊరి గుడి చూసుకోవడానికి వెళ్ళారని అందరికీ చెబుతున్నాం. అదీ నిజమే. పక్కింటి లీలమ్మ అడిగితే అమ్మ, "అలిగి పోలే, సేవకు పోయిండు" అంది. "సేవకు పోయెటోడు చెప్పులు మరిచి పోతడా" అని లీలమ్మ నవ్వింది. మీ చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయి.

నేను కాచి అమ్మే గడ్డం సబ్బులో తెల్లమట్టి వేస్తే నురగ చిక్కగా నిలుస్తుంది, బ్లేడు జారుతుంది. మనకు గొడవైన రోజు మట్టి అయిపోయింది, పొయ్యి మీద సబ్బు ఉంది. పూజ పెట్టెలో మీరు నామం దిద్దుకునే తిరుమణి ముద్దలు కనిపించాయి. అదీ తెల్లమట్టే కదా అని నూరి వేశాను. "స్వామి మట్టిని తీస్కపోయి మోరీల పోసినవు" అన్నారు మీరు. "మీరు స్నానం చేస్తే ఆ మురికినీళ్ళల్ల నిన్నటి నామం ఎటు పోతది" అన్నాను నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, దబీర్‌పురా సెలూన్ యూసుఫ్ భాయ్‌కి ఆ సబ్బే నచ్చింది. తర్వాత ఉస్మాన్‌గంజ్‌లో తెల్లమట్టి కొని చేసి ఇస్తే, "బేటీ, మొదటిది మలాయి లెక్క ఉండె. ఇందుల రేతి కలిపినవా ఏంది?" అన్నాడు. ఇసుక తగులుతోందట. ఆయన ఒక్కడే నాకు నిలకడగా ఉన్న గిరాకీ. ఆయన మళ్ళీ కంపెనీ డబ్బా నురగకు పోతే నేను పొయ్యి ఆర్పి, వదిలేసిన ఆఫీసు పనికే పోవాలి.

తిరుమణి మాత్రం ఇక ముట్టను.

మీ స్ఫూర్తి

*

చిరంజీవి స్ఫూర్తికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చిన్నాయన కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాడు. వానలు పడుతున్నాయి.

గుడి ప్రహరీ గోడ నల్లబడింది. వెనక పొలంలో బావి తవ్వితే తెల్లమట్టి పడింది. ఇక్కడివాళ్ళు గోడలకు అదే పూస్తారు. రామ్‌చందర్ అనే రైతు ఒక గంపెడు తెచ్చి ఇచ్చాడు. నేను కుండలో కలుపుతుంటే చూసి, "అయ్యగారు మట్టి పిసుకుతుండు, ఇగ దేవునికి గంట ఎవలు కొడ్తరు" అంటాడు. రోజూ అదే మాట.

గడ్డం చేసుకోవడం మానేశాను. ఊళ్ళో దీక్ష అనుకుంటున్నారు.

ఉస్మాన్‌గంజ్ మట్టిని దేనితో శుభ్రం చేస్తున్నావు? జల్లెడా, గుడ్డా? పొడిగా పడుతున్నావా, తడిపా? రాయి.

నామం గురించి నువ్వు ఆ రోజు అడిగినదాన్ని ఇంకా ఆలోచిస్తున్నాను.

చెప్పులు పంపవద్దు. ఇక్కడ కొన్నాను.

బాపు

*

హుస్సేనీ ఆలం,
ఆషాఢం

ప్రియమైన బాపుకు,

మీ గడ్డం సంగతి అమ్మ మళ్ళీ మళ్ళీ చదివింది. "గడ్డం పెంచుతుండట. గింత కోపమా" అంది. ఆ పూట పప్పు మాడింది.

మట్టిని పొడిగానే మల్‌మల్ గుడ్డలో పడుతున్నాను. ఎంత సన్నని గుడ్డ తీసుకున్నా వేళ్ళ మధ్య రాస్తే ఇసుక పలుకు తగులుతోంది. విసిగి, ఈసారి మట్టి లేకుండా చేశాను. నురగ మస్తుగా వచ్చింది, కానీ ముఖం మీద నిలవలేదు. బ్లేడు పట్టేసి సెలూన్‌లో ఒకాయన చుబుకం తెగింది. "పటిక రుద్ది మాఫీ అడిగిన. గిట్లయితే కష్టం బేటీ. బోనాలు అయినంక ఒక్కసారి చూస్త, గంతే" అన్నాడు యూసుఫ్ భాయ్. ఆయన తప్పేమీ లేదు. కుర్చీలో కూర్చున్నవాడు ఆయన చేతికి మెడ అప్పగిస్తాడు.

నిన్న అమ్మ పూజ పెట్టె తాళంచెవి నా ముందు పెట్టింది. "నాకేం తెల్వదు. నేను కూరగాయలకు పోతున్న" అని వెళ్ళిపోయింది. పెట్టె తెరిచాను. తిరుమణి ముద్దను వేలితో రాసి చూశాను. ఒక్క పలుకు లేదు. మళ్ళీ మూసేశాను. వేలికి అంటిన పొడిని ఏం చేయాలో తెలియక నుదుటికి రాసుకున్నాను. అమ్మ వచ్చి చూసి, కూరగాయల సంచి దించి లోపలికి పోయింది.

మీ గోడ పూర్తయిందా?

మీ స్ఫూర్తి

*

హుస్సేనీ ఆలం

ప్రియమైన బాపుకు,

జవాబు రాలేదు. బోనాలు కూడా అయిపోయాయి. యూసుఫ్ భాయ్ వచ్చే వారం సబ్బు తెమ్మని కబురు పంపాడు. పొయ్యి వెలిగించలేదు. ఏం వేసి చేయాలి? నిన్న పాత ఆఫీసుకు ఫోన్ చేశాను. రమ్మంటున్నారు.

మీరు కోపం తగ్గి వస్తే చాలని అమ్మ రాయమంది.

స్ఫూర్తి

*

చిరంజీవి స్ఫూర్తికి ఆశీస్సులు.

ఈ ఉత్తరంతో బస్సులో ఒక డబ్బా వస్తుంది. అందులో ఉన్నది తిరుమణి కాదు, బావి మట్టి. గోడకు నేను ఇంతవరకు చెయ్యి పెట్టలేదు. రామ్‌చందర్‌కు కూడా గోడ అనే చెప్పాను.

నా చిన్నప్పుడు మా నాయన తిరుమణిని హుస్సేనీ ఆలం ఇంటి వెనకే చేసేవాడు. పొడి మట్టిని గుడ్డలో పడితే సన్న ఇసుక కూడా దానితో పాటే దిగుతుంది. నీళ్ళు నిండా పోసి కలపాలి. కాసేపు వదిలితే ఇసుక ముందు అడుగుకు పోతుంది. పైన పాలలాంటి నీళ్ళు ఉంటాయి, వాటినే వేరే కుండలోకి వంచాలి. మళ్ళీ కలిపి, మళ్ళీ వంచాలి. చివరి కుండను కదపకుండా ఉంచితే నీళ్ళు తేరి, మట్టి పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టాలి.

చేయి మరిచిపోయింది. మొదట వంచినప్పుడు తొందరపడి అడుగు కూడా కదిపాను. ఇసుక వచ్చింది, పారబోశాను. తర్వాత వాన వల్ల ఆరక బూజు పట్టింది, అదీ పారబోశాను. సరిగా వచ్చేదాకా నీకు రాయదలుచుకోలేదు. పాత ఆఫీసు మాట చదివాక, ఈసారి ముద్దలను గుడి వంటశాల పొయ్యి పక్కన ఆరబెట్టాను.

ఇక నువ్వు అడిగిన మాట. నిన్నటి నామం మోరీలోకే పోతుంది. నేను కాదనలేను. కుండ కలుపుతున్నన్ని రోజులూ అదే ఆలోచించాను. నాయన ఏ కుండ మట్టి నామానికో ముందే అనుకుని కలిపేవాడు. మిగతా కుండల్లోని అదే మట్టితో మా అమ్మ గోడ పూసేది. ఆయన ఎప్పుడూ వద్దనలేదు. నామానికని కలిపిన ముద్దను మాత్రం వేరే దేనికీ ఇచ్చేవాడు కాదు. నాకు తెలిసినది ఇంతే. ఈ డబ్బాలోది గడ్డం కోసమని అనుకునే కలిపాను. మోరీలోకి పోయినా నాకు బాధ లేదు. పూజ పెట్టెలో పెట్టకు. చూడడానికి రెండూ ఒకటే.

చిన్నాయన రేపటి నుంచి గుడికి వస్తానన్నాడు. శనివారం పొద్దుటి బస్సుకు వస్తాను. ఈలోపు సబ్బు కాచి ఉంచు. యూసుఫ్‌కు ఇవ్వకముందు నా ముఖం మీద చూద్దాం, పలుకు ఉంటే ముందు నాకే తెలుస్తుంది. గడ్డం అందుకే పెంచాను.

కోపంతో కాదని మీ అమ్మకు చెప్పు. మొదట్లో కొంచెం ఉండింది, అదీ చెప్పు.

బాపు