రాని ఆకుపచ్చ గురించి

వీధి మొత్తం రంగుల పెద్దమ్మ అని పిలిచే నేను, డెబ్బై దాటి ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టుకోని దాన్ని, బట్టలకు రంగులేసే కొట్టు వెనక వాటాలో కొడుకుతో, కోడలితో ఉంటున్న దాన్ని, బడిలో బొమ్మల టీచరు పని నేర్చుకుంటున్న నా మనవరాలికి నోటితో చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

బంగారూ, ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నకి బస్సు డ్యూటీ మారింది. తెల్లారగట్ల లేవడం తప్పి మనిషి కాస్త తేరుకున్నాడు. మీ అమ్మ ఎప్పటిలాగే ఉంది, అంటే పొద్దున నా మీద అలిగి, సాయంత్రానికి తానే వచ్చి తల దువ్వుతుంది. నువ్వూ కులాసా అని రాశావు గానీ, చదివి వినిపిస్తుంటే నాకు అలా వినపడలేదు.

ఇది రాస్తున్నది పై వాటా నర్సు. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని చెప్పులు విప్పకముందే కూర్చోబెట్టాను. "పెద్దమ్మా, తిట్లు కూడా రాయాలా?" అంది. "నేను అన్నవన్నీ రాయి, నీ సొంతవి కలపకు" అన్నాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా మెత్తగా కనిపిస్తే అది దాని పని.

నల్లబల్ల మీద పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ అని రాశావట. పిల్లలు కలిపితే బురద వచ్చిందట. ముందు వరసలో పిల్ల లేచి "టీచర్, మీరు చెప్పింది రాలేదు" అంటే, "నువ్వు సరిగ్గా కలపలేదు" అన్నావట. ఆ పిల్ల కుంచె కింద పెట్టి చేతులు కట్టుకుని, గంట కొట్టేదాకా మళ్ళీ ముట్టుకోలేదట. తర్వాత గదికి పోయి నువ్వే కలిపి చూస్తే నీకూ అదే బురద. ఆ నీలంలో ముందే ఎరుపు జీర ఉందట. ఇప్పుడు మీ పెద్ద మేడమ్ వచ్చే పాఠానికి వెనక బెంచీలో కూర్చుని నిన్ను పాసు చెయ్యాలో వద్దో తేలుస్తుందట. కలపడాలు మానేసి, అచ్చేసిన చార్టు తగిలించి, పిల్లల చేత గడులు నింపించమందట. "చార్టు తగిలించనా, లేక ఇదంతా వదిలేసి వచ్చి కొట్లో నీ పక్కన కూర్చోనా? అసలు నువ్వు నాకు కలపడం ఎలా నేర్పావు నానమ్మా?" అని అడిగావు.

చివరి దానికి ముందు జవాబు. నేను నీకు నేర్పలేదు. మీ అమ్మ మిల్లుకి పోతే నిన్ను చూసుకునే వాళ్ళు లేక గంగాళాల మధ్య నిలబెట్టుకున్నాను, అంతే. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే ఆవిరి కూడా రంగు పూసుకున్నట్టు ఉండేది, గుర్తుందా? దండేల మీద బట్టలు కారుతుంటే కింద నువ్వు గొడుగేసుకుని తిరిగేదానివి. గచ్చు మీద మడుగులు కట్టిన రంగుల్ని కాలి బొటనవేలితో ఒకదాంట్లోకి ఒకటి లాగి, "నానమ్మా, ఇదేంటి?" అనేదానివి. "నువ్వే చెప్పు" అనేదాన్ని. అది పాఠం కాదు, విసుగు. చేతినిండా పని.

డాక్టరు గారింటి పరదాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పసుపుపచ్చ వెయ్యమని ఇచ్చారు. రంగు పట్టడానికి వేసే ఉప్పు కోసం నేను అటు తిరిగేసరికి ఎరుపు రంగు చెంబు మొత్తం గంగాళంలో గుమ్మరించావు. చెవి మెలిపెట్టి, "ఇదేం రంగే ఇప్పుడు?" అన్నాను.

"ఇటుక."

"ఏ ఇటుక?"

ఏడుస్తూనే గంగాళంలోకి తొంగి చూశావు. "వాన పడ్డాక ఇటుక."

డాక్టరు గారి భార్య వచ్చి, "ఇది నేనడిగిన రంగు కాదు కదండీ" అంది. "కాదమ్మా, ఇది వాన పడ్డాక ఇటుక" అన్నాను, నవ్వు ముఖంలో కనపడనివ్వకుండా. పరదాలు పట్టుకుపోయింది, మళ్ళీ మన గడప తొక్కలేదు. మంచి ఖాతా పోయింది. కానీ ఆ రోజు నుంచి నువ్వు రంగుని ముందు చూసి, తర్వాత పేరు పెట్టేదానివి. కొట్టు మూసే వేళకి ఆ గచ్చు మీద నువ్వు పెట్టిన పేర్లు ఎన్ని ఉండేవో. నాకు అన్నీ గుర్తు లేవు. నీ గొంతు గుర్తుంది.

ఇక నా వాదన విను. మీ మేడమ్‌ని తిట్టను. అంతమంది పిల్లలు నీళ్ళ గిన్నెలతో ఒకే గదిలో ఉంటే ఆవిడ భయం ఆవిడది, ఆ గచ్చు ఎవరు కడుగుతారు? బల్లకి ఇన్నేసి రంగులు పెట్టొద్దు అందట, ఆ మాట విను. చార్టు కూడా తగిలించు, గోడకేం బరువు. కానీ ముందు ఆ పిల్ల దగ్గర నిలబడి, వెనక బెంచీ దాకా వినపడేలా, "నువ్వు సరిగ్గానే కలిపావు, నేనే కలిపి చూడకుండా చెప్పాను" అను. తను చేసిన దాన్ని ఏమంటుందో అడుగు. బురద అని నువ్వు అన్నావు, ఆ పిల్ల అనలేదు. మేడమ్ ముందు పరువు పోతుందని రాశావు. పోనీ. పోయిన పరువుతో నీ వయసులో నేనూ తిరిగాను, అన్నం బాగానే తిన్నాను.

ఇంకొకటి. నీలంలో ఎరుపు దాగి ఉంటుందని ఈ వయసు దాకా నాకు తెలీదు. బురద వస్తే పారబోసి మళ్ళీ కలిపేదాన్ని, ఎందుకొచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. నువ్వు గదికి పోయి అడిగావు. అందుకే నువ్వు ఉండాల్సింది అక్కడ.

నర్సు కలం ఆపి, "అసలు సంగతి ఎప్పుడు చెప్తావు?" అని నా వంక చూస్తోంది. చెప్తున్నాను. నా పక్కన కూర్చోవడానికి కొట్టు లేదమ్మా. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే గంగాళాలు పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. కొట్టు గది సైకిళ్ళ మెకానిక్కుకి అద్దెకిచ్చాను. మోకాళ్ళు నొప్పులని వీధిలో అందరికీ చెప్పాను. నొప్పులు నిజమే గానీ కారణం అది కాదు. నువ్వు వచ్చెయ్యనా అని అడిగావని వినగానే నాకు సంతోషమేసింది. లేచి వెళ్ళి, రంగు పొడి డబ్బాలు పక్కకి జరిపి, నీ పీటకి చోటు కూడా చేశాను. చేసి నిలబడ్డాక నా సంతోషం చూసి నాకే భయమేసింది. కొట్టు అక్కడ ఉన్నన్నాళ్ళూ నిన్ను రమ్మని పిలుస్తూనే ఉంటుంది, నేను నోరు మూసుకున్నా సరే.

గంగాళాలు బండికెక్కిస్తుంటే మీ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, నేను ఏడవలేదు అని రాయమన్నాను. నర్సు రాయనంటోంది. సరే, రాయవే. నేనూ ఏడ్చాను.

సెలవులకి రా. ఇల్లుంది, మంచముంది, మీ అమ్మ ఉంది. పాఠం అయ్యాక ఉత్తరం రాయి. ఆ పిల్ల కుంచె పట్టుకుందా లేదా అన్నది మొదటి వరసలో రాయి. పాసైన సంగతి కింద ఎక్కడైనా రాసుకో.

ఇట్లు,
నిన్ను కొట్లోకి రానివ్వని నీ నానమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
పై వాటా నర్సు, రాసినది
సైకిళ్ళ మెకానిక్కు, గదిలో కొత్తగా దిగినవాడు