వంటింట్లో ఎర్ర అరలు

కర్నూలు,
13 డిసెంబర్ 2009, ఆదివారం.

గౌరవనీయులైన పోతులూరాచారి గారికి,

కర్నూలు నుంచి వీరభద్రయ్య శెట్టిగారి భార్య రాజ్యలక్ష్మి నమస్కరించి రాయునది. మీరు, మీ ఇంటామె, పిల్లలు కడపలో సుఖంగా ఉన్నారని తలుస్తాను. మేము ప్రాణాలతో ఉన్నాం, అంతవరకు దేవుడి దయ. మా ఇంట్లో పని చేసినన్నాళ్ళూ మిమ్మల్ని నువ్వు అనే పిలిచేదాన్ని. ఈ ఉత్తరంలో అట్లా రాయడానికి చెయ్యి రాలేదు.

అక్టోబరు వరద సంగతి మీరూ వినే ఉంటారు. నీళ్ళు తీశాక ఇంటికి వచ్చి చూస్తే వంటింట్లో బురద మోకాళ్ళ దాకా ఉంది. సామాన్ల గదిలో మీరు కడప బండలు నిలిపి, టేకు తలుపులు పెట్టిన అరలు మాత్రం నాలుగు బిందెల నీళ్ళతో కడిగేసరికి తేటబడ్డాయి. తలుపు మూస్తే గడియ ఎప్పటిలాగే పడింది. పొయ్యి గోడకున్న ఎర్ర అరలు మాత్రం నానిన పిండిలా జారిపోయాయి. పారతో ఎత్తి వీధిలో పోశాం. మా ఆయన మధ్యలో పార ఆపి, "ఆ దొంగ ఆచారి చేసిన పని చూడు" అన్నారు. నేను తల వంచుకుని బురద ఎత్తుతూనే ఉన్నాను.

ఇప్పుడు వంటిల్లు మళ్ళీ కట్టిస్తున్నాం. బేతంచెర్ల చిన్న ఈరన్న అనే మేస్త్రీ వచ్చాడు. సామాన్ల గది తలుపు మీద అరచెయ్యి పెట్టి తడిమి, "ఇది పోతులూరాచారి పని కదమ్మా? ఇంత పని తెలిసినాయప్ప ఇప్పుడు కడపలో టేకు అంగడి ముందర దినకూలికి చిత్రిక పడతాండాడు. ఎవురింట్లోకీ పనికి రానంటాడు. కర్నూల్లో యాడనో దొంగ అన్యారంట. అప్పుట్నుంచి ఒకరి గడప తొక్కల్యా" అన్నాడు. ఈరన్నకు ఇవ్వబోయిన టీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

జరిగింది మీకు తెలుసు. అయినా నా చేత్తో రాయాలని రాస్తున్నాను.

2005 ఎండాకాలంలో మీరూ ఆయనా కలిసి అంగడికి పోయి, నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్ ఎంచి వచ్చారు. సామాన్ల గదికి బండలు, టేకు తలుపులు, పొయ్యి గోడకూ గిన్నెలు కడిగే తొట్టి కిందికీ ప్లైవుడ్ అని మీరే చెప్పారు. మరుసటి రోజు నేను అంగడికి ఫోను చేశాను. నంద్యాలలో మా చెల్లెలు నాగశ్రీ ఇంట్లో వంటిల్లంతా ఎర్రగా, ముఖం కనబడేంత నున్నగా మెరుస్తుంది. అట్లాంటిది కావాలన్నాను. అంగడివాడు ఆ రకం రంపప్పొట్టు అదిమి చేసిన బోర్డులోనే వస్తుందన్నాడు. సరే, అదే పంపమన్నాను.

ఆటో దిగిన బోర్డు అంచు మీరు గోటితో గీకి చూశారు. "అమ్మా, ఇది చెక్క కాదు, పొట్టు. తొట్టి కింద పెడితే నీళ్ళు తగిలి బూరె మాదిరి పొంగుతాది. శెట్టిగారికి తెలుసునా?" అని అడిగారు. "ఆయనే మార్చమన్నాడు, నువ్వు పని కానియ్యి" అన్నాను. మీరు రెండోసారి అడగలేదు. మా మాట మీద అంత నమ్మకం మీకు.

ఆయన సాయంత్రం వచ్చి చూసి, ప్లైవుడ్ మీదే ఎర్ర రేకు అంటించారనుకున్నారు. బాగుందన్నారు. చుట్టాలొచ్చి చూసిపోతుంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మా అత్త కూడా ఆ తలుపుల్లో ముఖం చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

మరుసటేటి వానల్లో తొట్టి కింది తలుపు ఊడి పడింది. లోపల పొట్టు చూసి ఆయన మిమ్మల్ని పిలిపించారు. వాకిట్లో, పక్క అంగళ్ళ వాళ్ళందరూ చూస్తుండగా, "నేనెంచిన చెక్క యాడికి పాయ? మంచిది అమ్ముకోని నాకు పొట్టు పెడ్తివా?" అని అరిచారు. మార్పించింది నేనని మీరు అనలేదు. తలుపు వైపు ఒక్కసారి చూసి, "అమ్మనడుగు సామీ, ఆయమ్మ చెప్తాది" అన్నారు. అంతే.

నేను తలుపు వెనకనే ఉన్నాను. భయంతో నోరు మెదపలేదు. కాసేపటికి మీ పనిముట్ల సంచి వీధిలో పడిన చప్పుడు విన్నాను. మీరు ఉలులు ఒక్కొక్కటే ఏరుకుని, పై కండువాతో దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకుని పోయారు. ఆ తర్వాత మా బజారులో ఒక్క ఇంటివాళ్ళు కూడా మిమ్మల్ని పనికి పిలవలేదని నాకు తెలుసు. మీరు ఇల్లు ఖాళీ చేసి ఊరు విడిచారని తెలిసిన రోజు, నాకు కొంచెం ఊపిరి తిరిగింది కూడా. ఆ సంగతి రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మొన్న చిన్న ఈరన్న మూడు రకాల ముక్కలు బకెట్లో నానేశాడు. ఒకటి ప్లైవుడ్, ఒకటి ప్లాస్టిక్ పలక, ఒకటి ఆ పొట్టు బోర్డే. తెల్లారి వాటిని నా ముందర వరసగా పెట్టాడు. పొట్టు ముక్క రెండింతలై విచ్చుకుని ఉంది. మా ఆయన నవ్వి, "ఈసారి నువ్వే ఎంచు, వంట చేసేది నువ్వు కదా" అన్నారు. నేను ఏ ముక్కనూ ముట్టుకోలేక, పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి పోయాను. పొయ్యి మీద పాలు లేవు.

వంటింటి పని ఆపించాను. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ ఉత్తరం మీ దగ్గర ఉంచుకోండి. ఎవరికి చూపించినా నేను కాదనను. క్షమించమని అడగడానికి కూడా నాకు హక్కు లేదు. మీ తప్పు ఏమీ లేదని నా సంతకంతో మీ చేతిలో ఉండాలని మాత్రం రాశాను.

మీ నమ్మకానికి తగని,
రాజ్యలక్ష్మి

తా.క. (మంగళవారం):

ఈ ఉత్తరం రెండు రోజులు పోస్టు చేయకుండా దాచుకున్నాను. చదివిన ప్రతిసారీ ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాను. నోరు మెదపలేదని రాశాను. అది అబద్ధం.

మీరు "అమ్మనడుగు" అన్నాక ఆయన లోపలికి వచ్చారు. మెత్తగానే అడిగారు. "నువ్వేమన్నా మార్చింటే చెప్పు, ఏమీ అనను. లేకుంటే అంగడికి ఫోను చేసి కనుక్కుంటా" అన్నారు. మా అత్త పక్కనే కూర్చుని వింటోంది. "నాకేం తెలుసు బోర్డుల సంగతి? ఆచారే మార్చింటాడు. అంగట్లో అడిగితే మన పరువే పోతాది" అన్నాను. నేనే అన్నాను ఆచారి గారూ. ఆ మాట విన్నాకే ఆయన మీ సంచి విసిరారు.

నిన్న ఇదంతా ఆయనకు చెప్పాను. తిట్టలేదు. "ఆయప్పను దొంగ అని ఎంతమందికి చెప్పినానో నీకు తెలుసునా" అని మాత్రం అన్నారు. ఈ పొద్దున బజారులో ఒక్కొక్క అంగడి ముందర నిలబడి, ఆచారి దొంగ కాదు, తప్పు మా ఇంట్లో జరిగిందని చెప్పి వచ్చారు. ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పలేదట. రేపు కడప బస్సెక్కి మీ దగ్గరికి వస్తున్నారు. ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

అప్పుడు మీరు, ఇప్పుడు ఆయన, ఇద్దరూ నా పేరు చెప్పలేదు. ఆయన తిరిగి వచ్చేలోపల ఆ అంగళ్ళ వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, అది చేసింది నేనేనని చెబుతాను.