మంచు మీద అమ్మ కుట్టు

అన్నయ్యా,

మంచు పడితే నీ మోటారుసైకిలు బండి ముట్టుకోనని ఇచ్చిన మాట తప్పాను. తిట్టే ముందు పూర్తిగా చదువు.

మొన్న పొద్దున్నే కొండవతలి నుంచి పురిటినొప్పులని కబురొచ్చింది. ఆసుపత్రి వ్యాను కదల్లేదు. నర్సుని, నేను వెళ్లకపోతే ఎలా?

బండంటేనే హడలిపోయే అమ్మ అడ్డురాలేదు. అప్పటికే మందపాటి టైర్లు వేయించి, తను కుట్టే బట్టలమీద పెట్టినట్టే వాటిమీద సుద్దతో గుర్తులు పెట్టి, గుండీలు కుట్టినంత ఓపిగ్గా మంచు మీద పట్టు దొరికేలా టైర్ల చుట్టూ పొట్టి స్క్రూలు బిగించి ఉంచింది.

"నువ్వాగే రకం కాదని తెలుసులే, వెళ్లిరా" అంది.

తేలిక బండి కదా, మంచులో కూరుకుపోలేదు. గడ్డకట్టిన రోడ్డు మీద జారలేదు. పాప పుట్టింది.

తిరిగొస్తూ కొండ మీద ఆగిపోయాను. కింద ఆ తెల్లదనమంతటి మీదా, పొద్దున వెళ్లిన నా టైరు జాడలో స్క్రూలు గుచ్చిన చుక్కల వరస, మన గుమ్మం దాకా అమ్మ కుట్టు!

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "ఒక్కటైనా ఊడిందా?"

ఒక్కటీ ఊడలేదన్నయ్యా.

నీ చెల్లి