అందరికీ ఒకే తాళంచెవి

ధర్మవరం
పట్టుచీరల డిజైన్ల నమోదు కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ సర్వరుకు కంపెనీ ఇచ్చిన తాళంచెవినే ఉంచిన బాధ్యుని పేరు ప్రకటించి, నా భార్య కీ.శే. త్రివేణిపై పడిన దొంగ ముద్ర తొలగించుట గురించి.

నవంబరు తొమ్మిదిన త్రివేణికి డెంగీ జ్వరం ఆరో రోజు. డిజైన్లు బయటికి పోయాయని తమరు విచారణకు పిలిచారు కనుక వచ్చింది. నాలుగు గంటలు వరండాలో కూర్చోబెట్టారు. లోపలికి పిలవలేదు. బత్తలపల్లె ఆసుపత్రికి పోయే దారిలో, ఆటోలో, చనిపోయింది.

1. కొత్త అంచు డిజైనును మొదటి చీర మగ్గం మీంచి కోసేదాకా మా నేతగాళ్లు పక్కింటికి కూడా చూపరు. తమ కేంద్రం కోరినందున త్రివేణికి చూపారు. ఆమె కంప్యూటరులో తమకు పంపేది. మూడు డిజైన్లు, చీర కోయకముందే, మిల్లు చీరల మీద కనిపించాయి.

2. తమ సర్వరులోని సాఫ్ట్‌వేరు కొన్న ప్రతివాడికీ అదే తాళంచెవి, అంటే పంపినవి దారిలో ఎవరూ చదవకుండా మూసే అక్షరాల వరుస, వస్తుందని, పైగా అది పొట్టిదని, సొంతంగా పొడవైనది తయారు చేయించమని త్రివేణి జూన్‌లోనే రాసి ఇచ్చింది. పావుగంట పని. "తాళం బొమ్మ కనపడతాంది కదమ్మా, ఇంకేం భయం?" అన్నారు తమరు. అది తమ సిబ్బంది పేజీ మీద అతికించిన ఉత్త బొమ్మే. ఈ పేజీ నమ్మదగినది కాదని ఎర్ర హెచ్చరిక వస్తే పట్టించుకోకుండా ముందుకు నొక్కమని నేర్పినదీ వారే.

3. ఎదురింటి నేతగత్తె నాగలక్ష్మమ్మ మగ్గం దిగి వచ్చి, "నీకు తప్ప ఎవురికీ సూపియ్యలేదు త్రివేణీ. ఇంగ యాడ అడగల్ల?" అన్నది. పాడె మోయడానికి మా వీధి నుంచి ఇద్దరే వచ్చారు. మిగతా ఇద్దరిని ముదిగుబ్బ నుంచి పిలిపించుకున్నాను.

4. కర్మకాండ ముగిశాక అదే సాఫ్ట్‌వేరు తెచ్చి చూశాను. అందులోని తాళంచెవి తమదే. నాగలక్ష్మమ్మ గారి సెల్లు నుంచి ఒక డిజైను మా ఇంటి వైఫైలో తమకు పంపించి, దారిలోనే పట్టి నా కంప్యూటరులో తెరిచాను. తెర మీద తన డిజైనును ఆమె గుర్తుపట్టింది. "ఆయమ్మిని నేను నడివీధిలో తిట్నానే రాజేంద్రా" అన్నది.

పరిహారం అడగడం లేదు. ఈ రోజుకూ తాళంచెవి మార్చలేదు. నేను చెప్పగా ఈ సాయంత్రానికల్లా నేతగాళ్లందరూ సర్వరు నుంచి ఎవరి డిజైన్లు వారు తీసేసుకున్నారు. ఇక ఆ తాళంచెవితో వచ్చిపోయేవి తమ ఆఫీసు కాగితాలే.

చిత్తగించడానికి తమకు ఈ రాత్రి వరకు సమయం ఉంది.

ఇంతకాలం తమకు విధేయుడు,
రాజేంద్ర, బి.ఎస్సి.

తా.క.: రేపు ఉదయం పది గంటలకు తమ గేటు ముందు మైకు పెట్టి, ఆ తాళంచెవి పదిహేను వరుసలూ అక్షరం వదలకుండా చదువుతాను. రాసుకునేవాళ్లు రాసుకుంటారు.