ఎడంచేతి రాత

మా బంగారుతల్లికి,

అమ్మ వేయి దీవెనలతో రాసేది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మీ నాన్న నోరూ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ బడి పిల్లలూ, అరిచి అరిచి బొంగురుపోయిన నీ గొంతూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఫోను చేసినప్పుడల్లా "రాస్తున్నా, రాస్తున్నా" అని తప్పించుకున్నాను. కోప్పడకు. ఆలస్యానికి కారణం ఉంది, అది కాస్త ఆగి చెప్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

మోకాలు నొప్పి తగ్గింది. మిషను తొక్కడం మానలేదు కాబట్టే తగ్గిందని నా నమ్మకం, మానితే ఇంకా తగ్గుతుందని డాక్టరు నమ్మకం. కళ్ళజోడు బాగా కుదిరింది. సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కుతోంది. ఇబ్బందల్లా ఒకటే, మీ నాన్న ఊడ్చానని చెప్పే మూలలు కూడా ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాన్న నాతో మాట్లాడుతున్నారా, ఇంకా అలకలోనే ఉన్నారా అన్నావు. ఈ ఇంట్లో ఆయనకి మాట్లాడే స్వేచ్ఛ నిండుగా ఉంది తల్లీ, వినేవాళ్ళకే కొరత. అందుకని పెరట్లో వంగ మొక్కలకి చెప్పుకుంటున్నారు. ఈ ఏడు కాపు బాగానే ఉంది.

ఇక నీ అసలు ప్రశ్న. మీ బడి కొత్త మేడమెట్లకి పట్టుకునే కడ్డీ లేదనీ, ఇద్దరు పిల్లలు జారిపడ్డారనీ, ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దని మీ పెద్ద పంతులమ్మ కట్టడి చేసిందనీ రాశావు. మీరంతా కలిసి పైవాళ్ళకి అర్జీ రాస్తున్నారు, బాగుంది. అందులో ఎవరో చివర్న ఆవిడ మొగుడు ఆవిణ్ణి వదిలేసి వెళ్ళిన సంగతి కూడా ఇరికించారు. "ఇల్లు దిద్దుకోలేనిది బడి ఏం దిద్దుతుంది" అని. నిన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా మాననా అమ్మా అని అడిగావు. మొన్న ఫోన్లో ఆ కాగితం ఇంకా పంపలేదన్నావు కాబట్టి మించిపోలేదు. కానీ దీనికి నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మా కుట్టు షెడ్డులో జరిగింది చెప్తాను, జవాబు అందులోనే ఉంది.

మా షెడ్డులో టీ తాగే గదిలో ఉన్న నల్లబోర్డు నీకు తెలుసు. చిన్నప్పుడు దాని మీద పిల్లి బొమ్మలు వేసి నన్ను తిట్లు తినిపించావు. దాని కథ కూడా వందసార్లు చెప్పాను, నూటొకటోసారి విను. ఒకప్పుడు మా షెడ్డు వెనక తలుపుకి పని వేళల్లో తాళం ఉండేది. ఎవరికీ అడిగే ధైర్యం లేదు. ఒకరోజు పొద్దున చూస్తే బోర్డు మీద "వెనక తలుపుకి తాళం ఎందుకు?" అని సుద్దతో రాసి ఉంది. పేరు లేదు. అప్పటి ఓనరు చెరిపించాడు, మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ చెరిపించాడు, మళ్ళీ ఉంది. ఆరో రోజు విసుగెత్తి తాళం తీయించాడు. ఎనిమిది నెలలకి పేలికల గుట్ట అంటుకుని ముందువైపంతా పొగ కమ్మితే, డెబ్భై మందిమీ ఆ వెనక తలుపులోంచే బయటపడ్డాం. అప్పుడు నాకు ఏడో నెల. కడుపులో ఉన్నది నువ్వే.

ఆ ప్రశ్న రాసిందెవరో ఈనాటికీ తెలీదు. పెద్ద ఓనరు కూడా మళ్ళీ అడగలేదు. ఆయనే ఆ రోజు నుంచీ కట్టుబాటు పెట్టాడు. బోర్డు మీద ఎవరు ఏమైనా రాయచ్చు, ఎవరు రాశారని అడగకూడదు, శనివారం సాయంత్రం దాకా ఎవరూ చెరపకూడదు. ఇప్పుడున్నది ఆయన కొడుకు. చెడ్డవాడు కాదు కానీ బోర్డంటే కంట్లో నలుసు. మూడో కిటికీ తెరుచుకోదనీ, మరుగుదొడ్డి గడియ ఊడిందనీ రోజూ చదవాలంటే ఎవరికి బాగుంటుంది చెప్పు.

మూడు వారాల కింద ఒక సోమవారం బోర్డు మీద ఇంకో వాక్యం కనబడింది. "కత్తిరింపు బల్ల కిందనుంచి గుడ్డ ఎవరి సంచిలోకి పోతోంది?" అక్షరాలు వంకరటింకరగా, అప్పుడే చదువు నేర్చినవాళ్ళు రాసినట్టున్నాయి. పేరు రాయకపోతేనేం, కత్తిరింపు బల్ల దగ్గర ఉండేది ఒక్క కటింగ్ మాస్టారేగా. ఇరవై ఏళ్ళుగా ఆయన గీసిన గీత మీదే మా మిషన్లు నడుస్తున్నాయి. మాట తక్కువ మనిషి. ఆ రోజు టీ వేళకి ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.

మా గుండీల వదిన నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. "నిప్పు లేనిదే పొగ రాదు" అని మధ్యాహ్నానికల్లా డెబ్భై మిషన్లకీ అందించింది. బుధవారం గేటు దగ్గర ఆయన సంచి ఒక్కటే విప్పించారు. నిజంగానే అందులో నీలం గుడ్డ ముక్కలున్నాయి. "సంగతి తేలేదాకా రావద్దు" అన్నాడు ఓనరు. మాస్టారు ఆ ముక్కలు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. తన పెద్ద కత్తెర కూడా మర్చిపోయి వెళ్ళారు. ఆ కత్తెరని ఇంకొకళ్ళు ముట్టుకుంటేనే ఒప్పుకోని మనిషి.

"నీ దారిలోనేగా వాళ్ళ ఇల్లు, ఇచ్చిరా అమ్మాయీ" అని ఇస్త్రీ బాబాయి ఆ కత్తెరని నా చేతిలో పెట్టాడు. కాదనడానికి కారణం దొరక్క తీసుకున్నాను.

వెళ్ళేసరికి మాస్టారు మందుల షాపుకి వెళ్ళారట. తలుపు తీసే ఉంది. కిటికీ పక్క మంచం మీద ఆయన భార్య పడుకుని ఉంది. ఏడాదిగా నడుము కింద స్పర్శ లేదట. షెడ్డులో ఒక్కళ్ళకీ తెలీదు ఈ సంగతి. పెరట్లో తీగ నిండా నీలం గుడ్డలు ఆరేసి ఉన్నాయి. చిన్న చిన్న పేలికలు నాలుగైదు కలిపి, అంచులు మడిచి, మెత్తగా పొరలు వేసి కుట్టినవి.

"ఆయనే కుడతారమ్మా. పక్క తడిసినప్పుడల్లా మార్చాలిగా" అందావిడ. "పారేసే ముక్కలేనట. కొత్త గుడ్డ అయితే గరుకుగా ఉంటుంది, ఇవి మెత్తన."

నేను నిలబడే ఉన్నాను. "ఇంతకీ నువ్వు ఎవరమ్మా" అంది. గుండీలకి కాజాలు కుట్టేదాన్నన్నాను. ఆవిడ మొహం విప్పారింది.

"ఓ, కాజాలావిడవా. పోయిన నెల నీ పని బాగాలేదని అందరి ముందూ అన్నారటగా. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అంత మంచి పనిమంతురాలిని అలా అనకుండా ఉండాల్సింది అని ఒకటే గొణుగుడు."

అంతలో మాస్టారు వచ్చారు. కత్తెర ఇచ్చాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతుంటే నోరు ఆగక అడిగేశాను. "మాస్టారూ, బోర్డు మీద ఒక్క ముక్క రాసెయ్యచ్చుగా, ఇదీ సంగతి అని?"

"ఏమని రాయనమ్మా" అన్నారు. "మా ఆవిడ పక్క తడుపుకుంటుందని డెబ్భై మంది టీ తాగుతూ చదవడానికా?"

తల్లీ, ఇక దాచను. ఆ వాక్యం రాసింది నేనే.

పోయిన నెల ఆయన నేను కుట్టిన రెండు చొక్కాలు ఎత్తి పట్టుకుని "ఇవి కాజాలా, ఎలకలు కొరికిన కన్నాలా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన సంచిలో ముక్కలు పెట్టుకోవడం అంతకుముందు చాలాసార్లు చూశాను, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ రోజు తర్వాతే అది నాకు దొంగతనంలా కనబడింది. అందరికన్నా ముందు వెళ్ళి, దస్తూరి తెలియకుండా ఎడంచేత్తో రాశాను. ఎడంచేత్తో రాసినప్పుడే నాకు తెలుసు అది మంచి పని కాదని. తాళం గురించి రాసినవాళ్ళు కూడా పేరు పెట్టలేదు, నిజమే. వాళ్ళు దాక్కున్నది పని పోతుందనే భయంతో. నేను దాక్కున్నది ఎదుటి మనిషి మొహం చూడలేక. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు.

మాస్టారింటికి వెళ్ళొచ్చిన మర్నాడు టీ వేళ ఓనరు అందర్నీ పిలిచాడు. "రాసినవాళ్ళు ఒప్పుకుని రుజువు చూపించండి. లేదంటే బోర్డు తీసేస్తాను. మీలో మీకే పడనప్పుడు ఇదెందుకు?" అన్నాడు. సగం మంది తలూపారు. "పీడా పోతుంది, తీసెయ్యండి, రేపు నా మీద రాస్తారు" అని గుండీల వదినే అంది. నేను తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని ఉన్నాను. నేను మాట్లాడకపోతే బోర్డు పోతుంది, మాస్టారి మీద మచ్చ అలాగే ఉండిపోతుంది. మాట్లాడితే నా పని పోవచ్చు. మీ నాన్న మొహం, నీ మొహం కళ్ళ ముందు తిరిగాయి. వెనక తలుపు కూడా కనబడింది, ఎదురుగానే కదా.

"నేనే రాశానండీ" అన్నాను. "రుజువు లేదు. ఆయన తీసుకెళ్ళినవి పారేసే పేలికలు. ఎందుకో నాకు తెలుసు, కానీ చెప్పను. అది నేను చెప్పాల్సింది కాదు."

"చూశారా మీ బోర్డు ఘనత" అని ఓనరు ఇస్త్రీ బాబాయి వైపు తిరిగి "మేకులు పీకెయ్" అన్నాడు.

"తప్పు చేసింది నా చెయ్యి. గోడకెందుకండీ శిక్ష? నన్ను తీసెయ్యండి, దాన్ని ఉంచండి" అన్నాను.

బాబాయి కదల్లేదు. ఆయన నోరు తెరవడమే అరుదు. "బాబూ, మీ నాన్నగారి కట్టుబాటుకి ఒక్క కుట్టు తక్కువైంది, అంతే" అన్నాడు. "పైవాడి మీద రాస్తే పేరక్కర్లేదు. పక్కవాడి మీద రాస్తే పేరుండాలి. ఈ కుట్టు వేసేస్తే చిరగదు."

ఓనరు ఏదో అనబోయాడు. టీ వేళ అయిపోయిన గంట మోగింది. ఒక్కళ్ళూ లేవలేదు. గుండీల వదిన కూడా, అంతసేపూ తీసెయ్యమన్నది, చేతులు కట్టుకుని కూర్చుంది. అలా పది నిమిషాలు. చివరికి ఆయనే "సరే, కానివ్వండి" అని వెళ్ళిపోయాడు. మాస్టారికి కబురు పంపాడు. నన్ను పదిహేను రోజులు కాజాల మిషను మీంచి తీసి దారాలు తుంచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు చేసే పని అది.

మళ్ళీ సోమవారం పొద్దున అందరూ చూస్తుండగా బోర్డు మీద రాశాను. "గుడ్డ గురించి నేను రాసింది తప్పు. మాస్టారిని అడక్కుండా రాశాను." కింద నా పేరు. ఈసారి కుడిచేత్తో. ఆరు రోజులు అది అక్కడే ఉంది. రోజూ దాని ఎదురుగా కూర్చుని టీ తాగాను. మొదటి రోజు గొంతు దిగలేదు, ఆరో రోజుకి చక్కెర తక్కువైందని గ్రహించే స్థితికి వచ్చాను.

మీ నాన్నకి చెప్తే అంతా విన్నారు. తర్వాత "ముప్ఫై ఏళ్ళలో నువ్వు తప్పు ఒప్పుకోవడం చూడ్డానికి నేనూ షెడ్డులో చేరాల్సింది" అన్నారు. అలక ఆ రోజుతో పోయింది. మాస్టారి ఇంటి సంగతి నీకు రాయచ్చా అని ఆయన్ని అడిగే రాస్తున్నాను. "మీ అమ్మాయికేగా, రాయండి" అన్నారు తల ఎత్తకుండా. అంతకుమించి పదిహేను రోజులూ నాతో మాట్లాడలేదు. ఆయన తప్పేముంది.

నీ జవాబు నీకే తెలిసి ఉంటుంది. మెట్లకి కడ్డీ అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలు పడే చోట నోరు మూసుకోకు, భయమైతే భయపడుతూనే సంతకం పెట్టు. కానీ ముందు ఆ చివరి వాక్యం కొట్టించు. ఆవిడ మొగుడు వెళ్ళిపోయిన దారిలో మీ పిల్లలెవరూ జారిపడలేదు. కొట్టెయ్యడానికి ఒప్పుకోకపోతే వేరే కాగితం మీద నువ్వొక్కదానివే రాయి, కింద పేరు పెట్టు. పంపే ముందు ఆవిడకి చూపించు. తిడుతుంది. తిట్టనీ.

ఆలస్యానికి కారణం ఇదే. నా సంగతి తేలకుండా నీకు బుద్ధులు చెప్పడానికి చెయ్యి రాలేదు. నిన్నటితో నా శిక్ష అయిపోయింది. ఈ పొద్దున మళ్ళీ కాజాల మిషను ఎక్కాను. మధ్యాహ్నం టీకి వెళ్ళేసరికి అందరూ బోర్డు చుట్టూ మూగి నన్ను చూసి నవ్వు ఆపుకుంటున్నారు. దగ్గరికెళ్ళి చదివాను. "పన్నెండో కట్టలో మూడో చొక్కా. కాజా వంకర. విప్పి కుట్టాలి." కింద మాస్టారి పేరు, ఇంటిపేరుతో సహా. ఇరవై ఏళ్ళుగా ఒకే చోట పనిచేస్తున్నాం, ఆయన పూర్తి పేరు నేను చూడడం అదే మొదలు.

వెళ్ళి ఆ చొక్కా తీసి వెలుతుర్లో పట్టుకుని చూశాను తల్లీ. నిజంగానే వంకర. విప్పి మళ్ళీ కుట్టాను. తర్వాత సుద్దముక్క తీసుకుని ఆయన పేరు కింద "నిజమే, సరిచేశాను" అని రాసి నా పేరు పెట్టాను. టీ తీసుకుని చూస్తే మాస్టారి పక్కన చోటు ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చున్నాను. ఆయన కాస్త జరిగారు.

ఇట్లు,
ఇకమీదట కుడిచేత్తోనే రాసే
మీ అమ్మ